ఎవరిదీ కాని రాయి

నా పదవీ విరమణ సభలో మాట్లాడిన వాళ్లంతా నన్ను క్రమశిక్షణకు మారుపేరన్నారు. ఆటలే ఊపిరిగా బతికిన మనిషి అని ఒకరు, ఈయన విజిల్ ఊదితే గ్రౌండ్‌లో గడ్డి కూడా అటెన్షన్‌లో నిలబడుతుందని ఇంకొకరు పొగిడారు. మా గ్రౌండ్‌లో గడ్డి మొలవదన్న సంగతి ఆయనకు తెలియదు, పాపం. ఈ ఆటల మనిషే ఒక ఏడు నెలల తరబడి బడిలో ఒక్క పిల్లను కూడా ఉరకనివ్వలేదన్న విషయం మాత్రం ఎవరూ ఎత్తలేదు. శాలువా కప్పేటప్పుడు అలాంటివి ఎత్తరు. కప్పించుకున్నవాడినే కాబట్టి నేనే చెబుతాను.

కొత్తగా పీఈటీ ఉద్యోగంలో చేరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ముందుగా ఒక మాట. ఆటలు నేర్పడానికి మిమ్మల్ని తీసుకున్నారని మీరు అనుకుంటూ ఉంటారు. సంతోషం, కొన్నాళ్లు అలాగే అనుకోండి. గంట కొట్టించేది మీరే, ప్రార్థనలో వరుసలు సరిచేసేది మీరే, మధ్యాహ్న భోజనం దగ్గర తోపులాట ఆపేది మీరే, సైన్సు మేడం సెలవు పెడితే ఆ క్లాసులో పిల్లలు అరవకుండా కాపలా కూర్చునేది కూడా మీరే. ఇవన్నీ అయ్యాక ఇంకా పొద్దుంటే ఆటలు.

నేను పనిచేసిన ఉన్నత పాఠశాల నారాయణఖేడ్ నుంచి మనూర్ వైపు పోయే దారిలో ఒక ఊళ్లో ఉంది. నేను ఖేడ్‌లో ఉండేవాణ్ని. పొద్దున్నే షేర్ ఆటోలో డ్రైవర్ పక్కన ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకొని బడికి పోయి, ప్రార్థనలో పిల్లలకు రోడ్డు భద్రత గురించి చెప్పేవాణ్ని.

ఆ బడికి చాలా పెద్ద గ్రౌండ్ ఉంది. అంత జాగా పిల్లల ఆటలకే వదిలేస్తే ఊరికి నిద్ర పట్టదు కదా. అందుకని సోయా చేతికి రాగానే ఊళ్లో సగం మంది గింజలు తెచ్చి అక్కడ ఆరబోసేవాళ్లు. మబ్బు పడితే కుప్పల మీద టార్పాలిన్లు కప్పి, గాలికి లేవకుండా చుట్టూ రాళ్లు పెట్టేవాళ్లు. ఎండాక గింజలు ఎత్తుకుపోయేవాళ్లు, టార్పాలిన్లు మడతపెట్టి తీసుకుపోయేవాళ్లు. రాళ్లు మాత్రం బడికి విరాళంగా వదిలిపోయేవాళ్లు. కాబట్టి ఏటా ఆ కాలంలో మా బడిలో మొదటి ఆట రాళ్లు ఏరుడు. పిల్లలను బారుగా నిలబెట్టి, గ్రౌండ్ ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించి, కనిపించిన ప్రతి రాయినీ గోడ పక్కన కుప్ప వేయించేవాణ్ని. మరుసటి ఏడు ఊరివాళ్లు ఆ కుప్పలోంచే రాళ్లు తీసుకొని మళ్లీ టార్పాలిన్ల మీద పెట్టుకునేవాళ్లు. బడికీ ఊరికీ మధ్య ఇంతకంటే మంచి సహకారం నేను ఎక్కడా చూడలేదు.

ఆ ఏడు మా బడిలో మంచి ఖోఖో జట్టు తయారైంది. ఆడపిల్లల జట్టు. దానికి ప్రాణం తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె. ఇంట్లో కన్నడం, బడిలో తెలుగు మాట్లాడేది. గ్రౌండ్‌లో తిట్లు మాత్రం రెండు భాషల్లోనూ వచ్చేవి. తండ్రి హైదరాబాద్‌లో బిల్డింగుల పనికి పోయాడు. ఊళ్లో తల్లి, చిన్నాన్న సేద్యం చూసుకునేవాళ్లు. చదువు గురించి ఆమెను అడిగితే మా లెక్కల సార్ కళ్లద్దాలు తీసి తుడుచుకునేవాడు. కానీ ఆమె ఉరికితే మేమంతా చేస్తున్న పని ఆపి చూసేవాళ్లం, లెక్కల సార్‌తో సహా.

ఖోఖో తెలియని వాళ్ల కోసం రెండు ముక్కలు. తరిమే జట్టు వరుసగా గొంతుక్కూర్చుంటుంది, ఒకరి మొహం అటు, పక్కవారి మొహం ఇటు. తరుముతున్న పిల్ల వెనక నుంచి వచ్చి వీపు మీద చరిచి 'ఖో' అంటేనే కూర్చున్న పిల్ల లేవాలి, చరిచిన పిల్ల ఆ జాగాలో కూర్చోవాలి. లేచిన పిల్ల ఒక దిక్కు పట్టాక మధ్యలో వెనక్కి తిరగకూడదు. తిరిగితే ఫౌల్. ఈ ఆఖరి నియమం పిల్లలకు ఎక్కించడానికి నా గొంతు సగం అరిగింది.

"వెనక్కి తిరగొద్దని ఎన్నిసార్లు చెప్పాలే నీకు?" అని ఒకసారి ఆమె మీద అరిచాను.

"నువ్వు గా విజిల్ ఊదుడు బంజెయ్ సార్, చెవులు పగులుతున్నయ్. నేను తిరగలే. నువ్వే సక్కగ జూడలే" అంది.

నిజంగానే నేను సరిగ్గా చూడలేదు. ఆ మాట ఆమెకు చెప్పలేదనుకోండి, మనం ఉపాధ్యాయులం.

మండల పోటీలు దగ్గరపడ్డాయి. ఒకరోజు వాన పడింది. మరునాడు పొద్దున రాళ్లు ఏరాం. మామూలుగా కాదు, రెండుసార్లు ఏరించాను. సాయంత్రం ప్రాక్టీస్‌లో ఒక పిల్ల స్తంభం చుట్టూ తిరిగి తప్పించుకోబోతుంటే, మా తొమ్మిదో తరగతి పిల్ల అమాంతం డైవ్ చేసింది. అందుకుంది కూడా. అవుట్ అని విజిల్ ఊదాను. ఊదుతుండగానే "యవ్వా" అన్న అరుపు వినిపించింది.

బురదలో కూరుకుపోయి, కొన మాత్రం పైకి తేలిన రాయి. మోకాలు సరిగ్గా దాని మీద పడింది. నేను చాలా దెబ్బలు చూసినవాణ్ని. పళ్లు ఊడటం, చెయ్యి విరగడం, భుజం జారడం, ఇవన్నీ నా ఉద్యోగంలో భాగం. అయినా అలాంటి మోకాలును అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. లోపల ఉండాల్సిన తెల్లటి ఎముక బయటికి కనిపిస్తోంది. ఎత్తుకొని ఆటోలో వేసుకొని ఖేడ్ దవాఖానకు పోయాను. దారి పొడుగునా ఆ పిల్ల ఒకే మాట అడిగింది.

"ఆమె అవుటైందా సార్?"

"అయ్యింది బిడ్డా, అయ్యింది."

దవాఖానలో డాక్టర్ కడిగి, కట్టు కట్టి, మోకాలిచిప్ప ముక్కలైంది, జల్దీ హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. అంబులెన్స్ కూడా వచ్చింది. ఈలోగా ఆమె తల్లి, చిన్నాన్న వచ్చారు. చిన్నాన్న కోపంతో ఊగిపోతున్నాడు.

"ఎవడు పెట్టిండు సార్ గా రాయి? మాకైతే ఈసారి సోయానే లేదు. మొత్తం పత్తే పెట్టినం. ఎవనివో గింజలు, మా పిల్ల కాలు!"

హైదరాబాద్ పోదాం పదమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. రాష్ట్ర సరిహద్దు అవతల, కన్నడ ఊళ్లో, ఎముకలకు కట్టు కట్టే ఒకాయన ఉన్నాడట. ఆయన పట్టి కట్టాడంటే ఎలాంటి బొక్కైనా అతుకుతుందట. హైదరాబాద్ పోతే కత్తి పెడతారట, కత్తి పెడితే కాలు పోతుందట.

"పుండు లోపలి దాకా తెగిందయ్యా, దాని మీద వెదురుబద్దలు పెట్టి బిగిస్తే చీము పడుతుంది" అని బతిమాలాను.

"సార్, నువ్వు ఆటలు నేర్పినవ్, మంచిది. బొక్కల సంగతి మేం జూస్కుంటం."

తల్లి వైపు చూశాను. ఆమె మరిది వైపు చూసింది. అంబులెన్స్ ఖాళీగా వెనక్కి పోయింది. పిల్లను జీపులో పడుకోబెట్టుకొని వాళ్లు సరిహద్దు దాటారు.

మరునాడు బడిలో విచారణ మొదలైంది. విచారణ అంటే కాలు గురించి అనుకునేరు. కాదు, రాయి గురించి. పై నుంచి ఒక అధికారి వచ్చాడు. ఆ రాయి బడిదా, ఊరిదా అని అడిగాడు. మా పెద్దసార్, అంటే హెడ్‌మాస్టర్, అది ఊరిదని చెప్పాడు. ఊరి పెద్దలను పిలిస్తే, గ్రౌండ్‌లో ఉన్నప్పుడు అది బడిదే అవుతుందన్నారు. సోయా ఆరబోసిన వాళ్లను ఒక్కొక్కరినే అడిగారు. ప్రతి ఒక్కరూ తమ రాళ్లు తాము లెక్కపెట్టి మరీ వెనక్కి తీసుకుపోయామన్నారు. ఆ ఊళ్లో రాళ్లను ఇంత జాగ్రత్తగా చూసుకుంటారని నాకు అప్పుడే తెలిసింది. చివరికి అది ఎవరిదీ కాని రాయి అని తేలింది. అధికారి చాయ్ తాగి వెళ్లిపోయాడు.

ఇక మా వాళ్ల ఓదార్పులు. అవి ఆ రాయి కంటే గట్టిగా తగిలాయి.

"నీ తప్పేం లేదయ్యా. నీకు నోటీసు గిట్ల రాదు, నేను మాట్లాడిన" అని పెద్దసార్ భుజం తట్టాడు. నేను నోటీసు గురించి అడగలేదు.

"ఇన్నేళ్లలో ఇన్ని వందల మంది పిల్లలు, ఒక్కరికే కదా అయ్యింది. లెక్కన చూస్తే చాలా తక్కువ" అన్నాడు లెక్కల సార్. అన్నాక తనకే సిగ్గేసినట్టుంది, రెండు రోజులు నా పక్కన కూర్చోలేదు.

హిందీ మేడం నాకు దిష్టి తగిలిందని తేల్చింది. కాలు పిల్లది, దిష్టి నాకు. బడి వాట్సాప్ గ్రూపులో అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. కాసేపటికి ఎవరో పుట్టినరోజు శుభాకాంక్షలు పెట్టారు. చేతులు జోడించిన బొమ్మలు పైకి వెళ్లిపోయి, కేకు బొమ్మలు వచ్చాయి.

నీ తప్పు కాదు, నీ తప్పు కాదు అని పొద్దస్తమానం చెప్పేవాళ్లను నమ్మకండి తమ్ముళ్లూ. మీ తప్పు కాకపోయినా నిద్రపట్టదు. పొద్దున రెండుసార్లు ఏరాం కదా, మూడోసారి ఎందుకు ఏరలేదు అని లోపల ఒకడు అడుగుతూనే ఉంటాడు. మూడోసారి ఏరినా నాలుగోసారి ఎందుకు ఏరలేదని అడిగేవాడే. అది తెలిసినా వాడి నోరు మూయించలేం. అన్నం ముందు కూర్చుంటే ఆ మోకాలే కళ్ల ముందుకొచ్చేది. మా ఆవిడ పళ్లెం తీసేసేది.

కట్టు కట్టించుకొని పిల్ల ఇంటికి వచ్చిందని తెలిసింది. చూడటానికి పోతే చిన్నాన్న గడప దగ్గరే ఆపి, పిల్ల పండుకుందన్నాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు తల్లి దగ్గర్నుంచి ఫోన్. బడి వేళ. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"సారూ, కాలు నల్లగైతుంది. వాసనొస్తుంది. పిల్ల ఒళ్లు కాలిపోతుంది. మా మరిది ఇంట్ల లేడు. జర వస్తవా సారూ?"

పెద్దసార్‌తో చెప్పాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగాడు.

"ఇప్పుడు పోయి తెచ్చినవనుకో, రేపు ఏదన్నా అయితే మన మీదికే వస్తది. వాళ్ల పిల్ల, వాళ్ల ఇష్టం. ఆలోచించు."

"ఆలోచిస్తా సార్, దారిలో" అని లెక్కల సార్ కారు తాళాలు అడిగాను. ఆయన తాళాలు ఇవ్వలేదు. తానే లేచి వచ్చి కారు నడిపాడు. అంతకుముందు ఆయన అన్న లెక్క మాటను ఆ రోజే క్షమించేశాను.

హైదరాబాద్‌లో పెద్ద సర్కారు దవాఖాన. కట్టు విప్పిన డాక్టరమ్మ మమ్మల్ని ముగ్గురినీ చూసి తిట్టింది. ఏ ఊరు, చదువుకున్నవాళ్లేనా మీరు, అంది. లెక్కల సార్ తల వంచుకున్నాడు. నేనూ వంచుకున్నాను. చీము ఎముక దాకా పోయింది. శుభ్రం చేసి చూస్తాం, ఆగకపోతే మోకాలి పైకి తీసెయ్యాల్సిందే, మనసు గట్టి చేసుకోండి అని లోపలికి తీసుకుపోయారు.

వరండాలో బెంచీ మీద ఆ తల్లి, నేను కూర్చున్నాం. లెక్కల సార్ చాయ్ తెచ్చాడు. ఇద్దరం తాగలేదు. ఎండ వరండాలోకి వచ్చి మా కాళ్ల మీద పడింది. ఆమె ఆ ఎండనే చూస్తూ నన్ను అడిగింది.

"మా బిడ్డ ఉరుకుతదా సారూ, మళ్ల?"

పిల్లలకు అబద్ధాలు చెప్పడంలో నేను ఆరితేరినవాణ్ని. నువ్వు రాష్ట్రానికి ఆడతావ్, నువ్వు దేశానికి ఆడతావ్ అని నడవడం రాని వాళ్లకు కూడా చెప్పాను. ఆ బెంచీ మీద ఒక్క అబద్ధం నా నోటికి రాలేదు. ఏడుపొచ్చింది. ఏడ్చాను. ఆమే కొంగుతో కళ్లు తుడుచుకొని, దేవరిద్దానె సారూ, దేవుడున్నాడు, అని తిరిగి నన్ను ఓదార్చింది. ఓదార్పు అంటే ఏమిటో మా స్టాఫ్‌రూమ్ మొత్తానికి ఆమె దగ్గర ట్రైనింగ్ ఇప్పించాలనిపించింది.

కాలు ఉంది. చాలాసార్లు లోపలికి తీసుకుపోయి కడిగారు, చాలాసార్లు మళ్లీ భయపెట్టారు, చివరికి ఉంచారు. అయితే మోకాలు ఇక వంగదన్నారు. నడుస్తుంది, కర్ర సాయంతో. గొంతుక్కూర్చోలేదు. ఉరకలేదు. తండ్రి పని వదిలేసి వచ్చి దవాఖానలో కూతురి దగ్గర ఉండిపోయాడు. చిన్నాన్న కూడా వచ్చి, మంచం పక్కన నిలబడి వెళ్లిపోయాడట. ఆయన్ని తిట్టాలని చాలాకాలం మనసులో మాటలు పేర్చుకున్నాను. పిల్ల బాగుండాలనే ఆయనా తీసుకుపోయాడు కదా అనిపించి, ఆ మాటలన్నీ వృథా అయిపోయాయి.

ఇక నా సంగతి. నేను బడికి తిరిగి వచ్చి గ్రౌండ్ బాగుచేయడం మొదలుపెట్టాను. ముందు పెద్ద రాళ్లు ఏరాను. తర్వాత చిన్నవి. తర్వాత కంకర. పిల్లలను పిలవలేదు, ఒక్కణ్నే. పొద్దున మొదటి ఆటోకి వచ్చి ఏరేవాణ్ని, సాయంత్రం ఆఖరి ఆటో దాకా ఏరేవాణ్ని. ఊళ్లోవాళ్లు కందులు ఆరబోసుకోవడానికి వస్తే గేటుకు అడ్డంగా నిలబడ్డాను. బడి మీద నాకంటే ఊరికే ఎక్కువ హక్కుందని వాళ్లు, ఆ రాయి మీద మాత్రం ఎవరికీ హక్కు లేదు కదా అని నేను. కొన్నాళ్లు నన్ను చూసి నవ్వారు. తర్వాత నవ్వడం మానేసి, సార్‌కు జర దిమాక్ ఖరాబైందని పక్కకు తప్పుకునేవాళ్లు.

అంత శుభ్రమైన గ్రౌండ్ జిల్లాలో ఇంకోటి ఉండి ఉండదు. దాని మీద ఆడేవాళ్లే లేరు. నేను ఆడనివ్వలేదు. విజిల్ సంచిలో పడేశాను. ఆటల పీరియడ్‌లో పిల్లలను చెట్ల నీడన బాసింపట్టు వేయించి, కళ్లు మూయించి, ఊపిరి పీల్చండి, వదలండి అనేవాణ్ని. అది యోగా అని పైకి చెప్పాను. పెద్దసార్ మెచ్చుకున్నాడు. వానొస్తే క్యారమ్స్ ఇచ్చేవాణ్ని. దాన్ని కూడా అనుమానంగానే చూసేవాణ్ని, స్ట్రైకర్ ఎగిరి కంట్లో పడితే? మండల పోటీలకు మా జట్టు పోలేదు. ఎందుకు పోలేదని పిల్లలు అడగలేదు. పిల్లలు అడగకపోవడం మంచి లక్షణం కాదు, అది నాకు తెలిసి కూడా ఊరుకున్నాను.

నా మొహం చూస్తుంటే భయమేస్తోందని పెద్దసార్ నన్ను సంగారెడ్డిలో ఒక శిక్షణకు పంపాడు. ఉపాధ్యాయుల మానసిక ఒత్తిడి మీద. అక్కడ తెల్ల చొక్కా వేసుకున్న ఒకాయన కళ్లు మూసుకోమన్నాడు. మీరు సముద్రం ఒడ్డున ఉన్నారు, అలలు వస్తున్నాయి, మీ బాధలన్నీ అలలతో వెళ్లిపోతున్నాయి అన్నాడు. నేను పుట్టి పెరిగింది ఖేడ్‌లో. నాకు తెలిసిన నీళ్లు మంజీరవి. అందులోనూ ఎండాకాలం ఇసుకే ఎక్కువ. సముద్రం కోసం ఎంత ప్రయత్నించినా మంజీర ఇసుకే వచ్చింది, ఆ ఇసుకలో గులకరాళ్లు వచ్చాయి, నేను వాటిని ఏరడం మొదలుపెట్టాను. కళ్లు తెరిచేసరికి అందరూ ప్రశాంతంగా ఉన్నారు. కొందరు గురక పెడుతున్నారు. మధ్యాహ్నం భోజనం మాత్రం బాగుంది.

శివరాత్రి ముందు ఒకరోజు మధ్యాహ్నం, పిల్లలంతా నీడన కళ్లు మూసుకొని ఊపిరి పీలుస్తున్నారు. గేటు దగ్గర ఆటో ఆగింది. ముందు ఒక చంక కర్ర దిగింది, తర్వాత నిటారుగా చాచిన ఒక కాలు, తర్వాత ఆ పిల్ల. వెనకే తల్లి. చిక్కిపోయింది. జడలు మాత్రం అంతే గట్టిగా ఉన్నాయి. గేటు దగ్గరే నిలబడి గ్రౌండ్‌ను ఒకసారి, పిల్లలను ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. తనే కర్ర టకటకమనించుకుంటూ వచ్చింది.

"ఏంది సార్ ఇది? అందరు పాణం బాగలేనోళ్ల లెక్క కూసున్నరు?"

"యోగా" అన్నాను.

"దవాఖానల నేను పండుకున్న, సరే. వీళ్లకేమైంది?"

పిల్లలు ఒక్కొక్కరే కళ్లు తెరిచారు. ఎవరో కిసుక్కున నవ్వారు. చాలా నెలల తర్వాత ఆ బడిలో నాకు వినిపించిన మొదటి నవ్వు అది. నాకు కోపమొచ్చింది. నవ్వినందుకు కాదు, అంతకాలం నవ్వనందుకు.

"ఆటలు వద్దమ్మా. ఇక చాలు. నేను ఆడించను" అన్నాను.

ఆమె గోడ పక్కన నేను పేర్చిన రాళ్ల గుట్టను చూసింది. చాలా పెద్ద గుట్ట. కర్రతో దాని వైపు చూపించింది.

"ఇవన్ని నువ్వొక్కడివే ఏరినవా?"

"ఊఁ."

"గా రాయి కోసమా?"

తలూపాను.

"గా రాయి మాదే సార్" అంది. "మా సోయా మీద టార్పాలిన్ కప్పినప్పుడు నేనే దెచ్చి పెట్టిన. మళ్ల తీసుడు మర్చిపోయిన. గంతే. నువ్వెందుకు పరేషాన్ అయితవ్?"

ఆమె వెనక నిలబడ్డ తల్లి కూతురి వైపు చూసి, తర్వాత నా వైపు చూసి, చూపు దించుకుంది. వాళ్లది ఆ ఏడు మొత్తం పత్తి. వాళ్ల చిన్నాన్న దవాఖానలో నా మొహం మీదే చెప్పాడు. పత్తికి ఎవరూ గ్రౌండ్‌లో టార్పాలిన్ కప్పరు, రాళ్లు పెట్టరు. అధికారి వచ్చి అడిగినా, ఊరంతా కలిసి కూర్చున్నా ఒక్కరు కూడా తమదని ఒప్పుకోని రాయిని, దాని మీద మోకాలు పగలగొట్టుకున్న పిల్ల వచ్చి తనదని చెప్పింది. నా కోసం. అంత పెద్ద అబద్ధం అంత సూటిగా చెప్పడం మా బడిలో నేర్పలేదు. నేర్పి ఉంటే మాకు అవార్డులు వచ్చేవి.

"సరే. ఆ రాయి నీదే" అన్నాను.

"మరి ఇగ లేవున్రి!" అని పిల్లల మీద అరిచింది.

జట్టు పిల్లలు లేచారు. నా వైపు చూడలేదు, ఆమె వైపే చూశారు. గ్రౌండ్ మధ్యకు పోయి వరుసగా కూర్చున్నారు, ఒకరి మొహం అటు, ఒకరి మొహం ఇటు. అలవాటుగా ఆమె జాగా వదిలేసి కూర్చున్నారు. తరమడానికి నిలబడ్డ పిల్లను పక్కకు జరగమని ఆమె తన కర్రతో వచ్చి అక్కడ నిలబడింది. ఖాళీ జాగా వైపు చూసి నన్ను పిలిచింది.

"నేనైతే కూసోలేను సార్, మోకాలు వంగది. నా జాగల నువ్వు కూసో."

"నా మోకాళ్లు కూడా వంగవే" అన్నాను.

"నీయి వంగుతయ్. బద్ధకం నీకు."

స్టాఫ్‌రూమ్ కిటికీలో పెద్దసార్, లెక్కల సార్, హిందీ మేడం తలలు కనిపించాయి. నా ఒంటి మీద తెల్ల చొక్కా, ఇస్త్రీ ప్యాంటు. పోయి ఆ వరుసలో గొంతుక్కూర్చున్నాను. మోకాళ్లు చప్పుడు చేశాయి. పక్కనున్న పిల్ల నోరు నొక్కుకొని నవ్వింది. నా మొహం గేటు వైపు, వీపు ఆమె వైపు. ఆమె కనిపించదు. కర్ర చప్పుడు మాత్రం వినిపిస్తోంది. టక్, టక్. ఒక వీపు దాటింది. ఇంకో వీపు దాటింది. తడబడింది. ఆగింది. పడిపోతుందేమో, లేచి పట్టుకుందామనిపించింది. కానీ ఖో అనకుండా లేవకూడదు, ఆ మాట వాళ్లకు నేర్పింది నేనే. కూర్చునే ఉన్నాను. మళ్లీ టక్, టక్.

వీపు మీద అరచెయ్యి పడింది. గట్టిగానే పడింది.

"ఖో!"

లేచాను. ఎదురుగా ఒక చిన్న పిల్ల కేరింతలు కొడుతూ ఉరుకుతోంది. నేనూ ఉరికాను. ఆ నేల మీద ఒక్క రాయి లేదు, నాకంటే బాగా అది ఎవరికి తెలుసు? అయినా నాలుగడుగులు వేశాక ఉండబట్టలేకపోయాను. ఆమె నిలబడే ఉందా, పడిందా? ఆగి, వెనక్కి తిరిగి చూశాను.

నిలబడే ఉంది. కర్ర గాల్లోకి ఎత్తి అరుస్తోంది.

"ఫౌల్! ఫౌల్! ఎనకకు మర్లుతవేంది సార్?"